శుక్రవారం చచ్చిన చేపలు

మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య ఇంటికి వచ్చి, "సార్, ఇన్నేళ్ళు చేశారు కదా, మాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసివ్వండి" అంది. రాద్దామని కూర్చుంటే మొదట గుర్తొచ్చినవి చెరువులూ కాదు, వలలూ కాదు. గద్వాలలో ఒక చీరల దుకాణం, అందులో ఒక గాజు తొట్టె, దానిలో పొట్ట పైకి పెట్టి తేలుతున్న గోల్డ్ ఫిష్ గుర్తొచ్చాయి. వాటితోపాటు కోపం కూడా వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నేను చేపల శాఖలో ఊళ్ళు తిరిగే ఉద్యోగిని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఈ మూడింటి చుట్టూనే నా సర్వీసంతా గడిచింది. అప్పటికి ఇవి వేరువేరు జిల్లాలు కాలేదు. చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, నీళ్ళు పరీక్షించడం, సంఘాల తగాదాలు వినడం మా పని. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట తప్ప వేరే చేప మాకు లెక్కలోనే లేదు. రెండువేల సంవత్సరం దాటాక ఎవరు మొదలుపెట్టారో గానీ మా ఊళ్ళకు గాజు తొట్టెల పిచ్చి పట్టింది. ఈశాన్యం మూల తొట్టె పెట్టి, ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్ల చేప వేస్తే కలిసొస్తుందని వాస్తు చెప్పేవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. బట్టల దుకాణం, పళ్ళ డాక్టరు గది, ఫైనాన్స్ ఆఫీసు, ఎక్కడికి వెళ్ళినా ఒక తొట్టె ఉండేది. ఆ చేపలకు జబ్బు చేస్తే పశువుల దవాఖానలో నవ్వి పంపించేవాళ్ళు. అందుకని "చేపల సారు" ఉన్నాడు కదా అని నా దగ్గరకు వచ్చేవాళ్ళు.

వచ్చినవాళ్ళు నయం. రానివాళ్ళే ఎక్కువ. చేప చస్తే వాళ్ళు అనే మాట ఒకటుంది: "మనకు రావల్సిన గండం చేప మీదికెళ్ళి పోయింది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. బర్రె చస్తే ఈ మాట అంటారా? ఎద్దు చస్తే అంటారా? లబోదిబోమని మొత్తుకుంటారు, ఏం తిన్నది, ఏం తాగిందని ఆరా తీస్తారు. చేపకు మాత్రం ఆ ఆరా లేదు. మోరీలో పారేసి సాయంత్రానికి కొత్తది తెచ్చి వేస్తారు. గండం పోయిందన్న సంతోషం కూడా ఉంటుంది వాళ్ళకు. తమ చేతులతో చంపి, దానికి దేవుడి లెక్క చెప్పే ఈ తీరును నేను ఎన్నటికీ క్షమించలేను.

మూడు నెలల ఆయుష్షు

గోల్డ్ ఫిష్ ఎన్నాళ్ళు బతుకుతుందని ఎవరిని అడిగినా మూడు నెలలు, మహా అయితే ఆరు నెలలు అంటారు. తప్పు. సరిగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది, జానెడు పెరుగుతుంది. మూడు నెలల్లో చావడం దాని గుణం కాదు, మన నిర్వాకం. దాన్ని తీసుకుపోయి గుండ్రటి గాజు గిన్నెలో, రెండు చెంబుల నీళ్ళలో వేస్తారు. అది తిన్నది, విసర్జించింది అంతా ఆ రెండు చెంబుల్లోనే ఉండాలి. ఒక గదిలో నిన్ను పెట్టి, తలుపేసి, మరుగుదొడ్డి కూడా అక్కడే అంటే నువ్వెన్నాళ్ళు ఉంటావు? గిన్నె అమ్మేవాడికి ఇదంతా తెలుసు. తెలిసే అమ్ముతాడు, ఎందుకంటే చేప చస్తేనే నువ్వు మళ్ళీ వస్తావు.

వనపర్తిలో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. మంచివాడే. ఆయన తొట్టెలో చేపలు రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటున్నాయని కబురు పెట్టాడు. నేను పుస్తకాలు తిరగేసి, చేపల జబ్బులకు వాడే నీలం మందు పేరు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళాను. ఆ రోజు మా పెద్దసారు కూడా నాతో వచ్చాడు. ఆయన పాతకాలపు మనిషి, సోమశిల దగ్గర కృష్ణలో పడవల మీద ఉద్యోగం మొదలుపెట్టినవాడు. నా చీటీ వైపు కూడా చూడలేదు. గ్లాసు అడిగి తీసుకుని, తొట్టెలో ముంచి, నోట్లో పోసుకుని పుక్కిలించి, రోగులు ఊసే బేసిన్‌లోనే ఊశాడు. డాక్టరు ముఖం చూడాలి అప్పుడు.

"సప్పగున్నయి. ఏడి నీళ్ళు డాక్టరుగారూ?" అన్నాడు పెద్దసారు.

"ఫిల్టరు ప్లాంటు నీళ్ళు సార్. మేం తాగేవే. నల్లా నీళ్ళు అసలే పోస్తలేము" అన్నాడు డాక్టరు గర్వంగా.

"మీరు గవి తాగుతరు, అన్నం తింటరు, ఉప్పు తింటరు. అది నీళ్ళల్లనే బతుకుతది. ఉన్నదంతా గుంజేసిన నీళ్ళు పోస్తే దానికేం మిగిలింది?"

బోరు నీళ్ళు సగం, ప్లాంటు నీళ్ళు సగం కలపమన్నాడు. ఒకేసారి కాదు, నాలుగైదు రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చమన్నాడు. పది రోజుల్లో ఆ చేపలు రెక్కలు విప్పుకుని తిరగసాగాయి. నా నీలం మందు అవసరమే రాలేదు.

బయటికి వచ్చాక ఆయన నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టి తిట్టాడు. "నువ్వు చేపకు డాక్టరువు కాదు. నీళ్ళకు డాక్టరువి. ముందుగాల నీళ్ళు సూడు, వాసన సూడు, నోట్లె పోస్కో. గాయింత అయినంకనే చేప దిక్కు సూడు. అర్థమైందా?"

అర్థమైందని తలూపాను. మనసులో మాత్రం, డిగ్రీ చదువుకున్నవాణ్ణి, చేప ఉచ్చపోసిన నీళ్ళు నోట్లో పోసుకోవాలా అనుకున్నాను. ఆయన రిటైరయ్యే దాకా ఆయన ముందు నీళ్ళు చప్పరించి చూసినట్టు నటించాను. ఆ నటనకు ఇంకొకరు మూల్యం చెల్లించారు. ఆ సంగతికే వస్తున్నాను.

జబ్బుల సంగతి

దానికి ముందు పని చెప్పాలి. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తే అది ఒక పురుగు. వానాకాలంలో, చలికాలంలో నీళ్ళు ఒక్కసారిగా చల్లబడితే ఎక్కువగా వస్తుంది. చేప తొట్టె గోడలకు, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటూ ఉంటుంది. ఆ చుక్కలు రాలిపోగానే తగ్గిందని నీలం మందు ఆపేస్తారు, అక్కడే మోసపోతారు. రాలిన పురుగు అడుగున పిల్లలు పెట్టి మళ్ళీ ఎక్కుతుంది. కనీసం పది రోజులు మందు ఆపకూడదు. రెక్కలు, తోక అంచులు చిరిగి, తెల్లబడి, కుళ్ళినట్టు అయితే అది మురికి నీళ్ళ జబ్బు. నీళ్ళు బాగుచేసి, ఐదు లీటర్లకు ఒక చిన్న చెంచా చొప్పున దొడ్డుప్పు వేరే గిన్నెలో కరిగించి, రోజంతా కొంచెం కొంచెంగా పోస్తే చాలావరకు అదే మానుతుంది. రెక్కల్లో ఎర్రటి గీతలు కనిపించి, పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటే, తిండి ఎక్కువై నీళ్ళు విషమైనట్టు. మందు కాదు, ముందు నీళ్ళు మార్చండి. అది కూడా నాలుగో వంతు మాత్రమే. మొత్తం పారబోయడం, కడిగి తళతళలాడించడం మనుషుల గిన్నెలకు పనికొస్తుంది, చేపల తొట్టెకు కాదు. తొట్టె అడుగున, రాళ్ళ మీద కంటికి కనబడని జీవం ఉంటుంది. చేప మలినాన్ని అదే తింటుంది. నువ్వు రుద్ది కడిగితే అదే ముందు పోతుంది.

నాగర్‌కర్నూలులో ఒక పంతులమ్మ ఇంట్లో చేప తలకిందులుగా తేలుతోందని పిలిచారు. వెళ్ళేసరికి తొట్టెకు దిష్టి తీసి, నిమ్మకాయ కోసి మూల పెట్టి ఉన్నారు.

"ఏం తినవెడుతున్నరమ్మా?" అన్నాను.

"అన్నీ పెడ్తం సారు. దుకాణంల అమ్మే చేపల గోలీలు పెడ్తం. పొద్దున ఇడ్లీ తుంచి వేస్తం. మా ఆయన అన్నం మెతుకులు వేస్తడు, మా అత్తమ్మ మరమరాలు వేస్తది. పాపం, నోరు తెరుస్తనే ఉంటది గదా, ఆకలైతుందని" అంది ఆమె.

గోల్డ్ ఫిష్ ఎప్పుడూ నోరు తెరుస్తూనే ఉంటుంది. దానికి కడుపు నిండిందని తెలియదు. ఎండు గోలీలు లోపల ఉబ్బి, పేగు బిగుసుకుని, ఆ చేప తేలిపోతోంది. మూడు రోజులు ఏమీ పెట్టవద్దని చెప్పాను. ఇల్లంతా నా మీద లేచింది, ఉపవాసం పెట్టి చంపమంటావా అని. నాలుగో రోజు ఎండు బఠాణీ నానబెట్టి, ఉడకబెట్టి, పొట్టు తీసి, చిటికెడు నలిపి వేయమన్నాను. ఆ సాయంత్రానికి చేప నిటారుగా తిరిగిందని ఆమె ఆఫీసుకు వచ్చి మరీ చెప్పింది. రెండు నిమిషాల్లో తినగలిగినంత పెట్టండి, మిగిలింది తీసేయండి. ప్రేమ ఉంటే అది చాలు.

ఎండాకాలం మరో బాధ. మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి కాగుతాయి. వాటినే తొట్టెలో పోస్తారు. పొద్దున్నే మార్చండి. కరెంటు పోతే గాలి పంపు ఆగిపోతుంది, వేడి నీళ్ళలో గాలి నిలవదు. చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ ఉండండి. ఆ ఏళ్ళలో మా ఊళ్ళలో కరెంటు కోత ఎంత ఉండేదో తెలిసినవాళ్ళకు ఈ ముక్క విలువ తెలుస్తుంది.

చీరల దుకాణం

గద్వాలలో పెద్ద చీరల దుకాణం అది. పేరు రాయను. యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. దుకాణంలో అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించేలా పెద్ద తొట్టె, అందులో తొమ్మిది చేపలు. ప్రతి శుక్రవారం పొద్దున దుకాణం కడిగి, గడపకు పసుపు రాసి, లక్ష్మీ పూజ చేస్తారు. దుకాణంతోపాటు తొట్టెను కూడా కడగాలని ఆ ఇంటి ఆచారం. నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు రుద్ది, గాజు తుడిచి, కొత్త నీళ్ళు నింపాకే దీపం ముట్టిస్తారు. మురికి నీళ్ళున్న చోట లక్ష్మి ఉండదట. శుక్రవారం వచ్చిందంటే ఆ చేపలకు పరీక్ష.

ఆ పని చేసేది రూతమ్మ. ఇటిక్యాల దగ్గర పల్లె. పదేళ్ళు భర్తతో కలిసి పుణె వైపు వలసపోయి మట్టి మోసింది. అక్కడ భర్త కాలు విరిగి, తిరిగొచ్చారు. ఈ దుకాణంలో ఊడ్చి తుడిచే పని దొరికి మూడు నెలలైంది. "నీడపట్టున పని దొరికింది సారు, జన్మల మొదటిసారి" అని తర్వాత ఒకసారి నాతో అంది. ఆమెకు ఆ పని అంటే అంతే: ఎండ తగలని చోటు, పుణె లారీ ఎక్కనక్కర్లేని బతుకు.

వానలు మొదలైన నెలలో సేటు నన్ను పిలిపించాడు. నాలుగు శుక్రవారాలుగా చేపలు చస్తున్నాయి. పొద్దున నీళ్ళు మారిస్తే మధ్యాహ్నానికి మూడు నాలుగు తేలుతున్నాయి. నేను వెళ్ళేసరికి దుకాణం నిండా జనం, నాకేమో మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు. తొట్టె ముందు రెండు నిమిషాలు నిలబడ్డాను. ఒక చేప పైకి వచ్చి గిలగిలలాడుతోంది. తొట్టె పక్కన నేల కడిగే సబ్బు పొడి పొట్లం కనిపించింది.

"తొట్టె ఎవరు కడుగుతరు?" అన్నాను.

సేటు రూతమ్మను చూపించాడు. ఆమె చీపురు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది.

"సబ్బు తగిలుంటది. సబ్బు తగిలితే చేప మొప్పలు కాలిపోతయి" అన్నాను.

"లేదు సారు. తొట్టెకు సబ్బు పెట్టలే. ఉత్త గుడ్డతోనే తుడుస్త" అంది రూతమ్మ.

నేను ఆమె వైపు తిరిగి చూడలేదు. నా సంచిలో క్లోరిన్ పరీక్ష చేసే చుక్కల మందు సీసా ఉంది, దాన్ని తీయలేదు. నీళ్ళ వాసన చూడలేదు. నోట్లో పోసుకోవడం సంగతి సరేసరి. పెద్దసారు అప్పటికే రిటైరయ్యాడు, అడిగేవాడు లేడు.

"నేను ముందుగాలనే అనుకున్న సారు. ఆమె చెయ్యి మంచిది గాదు" అన్నాడు సేటు, కొనడానికి వచ్చినవాళ్ళందరూ వినేలా.

మా వైపు విత్తనం వేయాలన్నా, పచ్చడి పెట్టాలన్నా చెయ్యి చూస్తారు. మంచి చెయ్యి అనిపించుకున్నవాళ్ళను పిలిచి మరీ చేయిస్తారు. రూతమ్మ విషయంలో ఆ మాట వెనక ఇంకో మాట కూడా ఉంది. అది కులం మాట. అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. నాకూ తెలుసు. నేను నోరు మూసుకుని, ఇచ్చిన చాయ్ తాగి వచ్చాను. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. "చేపల సారే చెప్పిండు" అని బజారంతా చెప్పుకున్నారు.

రంగుల ఈరన్న

నెల దాటాక నేతగాళ్ళ వీధి నుంచి ఈరన్న కబురు పెట్టాడు. ఆయన నూలుకు, పట్టుకు రంగులు అద్దే మనిషి. పెరట్లో సిమెంటు తొట్టెలో రెండు గోల్డ్ ఫిష్‌లు పెంచుతున్నాడు, ఐదేళ్ళుగా. రెండూ జానెడు ఉన్నాయి. పిల్లి ఒకదాని వీపు మీద గోరు దించింది, పొలుసులు లేచి గాయం ఎర్రగా ఉంది. పసుపు రాయాలా అని అడిగాడు. వద్దన్నాను. చేపను వేరే టబ్బులో వేసి, ఉప్పు కలిపి, వారం రోజులు పిల్లికి అందకుండా మూత పెట్టి, రోజూ కొంత నీళ్ళు మారిస్తే గాయం అదే పూడుతుందని చెప్పాను. అట్లాగే పూడింది కూడా.

టబ్బులో పోయడానికి పక్కనే ఉన్న నల్లా తిప్పబోతే ఈరన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యో, గవి వద్దు సారు! వానలు పడ్డప్పటి సంది బ్లీచింగ్ దంచుతుండ్రు. గా నీళ్ళల్ల నాకు రంగే పడుతలేదు. ఎర్ర రంగు అద్దితే ఇటుక రంగు తేలుతుంది. రెండు దినాలు తొట్ల నిలవెట్టినంకనే వాడుత. చేపలకు గూడ గవే."

బ్లీచింగ్ కలపడం తప్పు కాదు. వానాకాలం నది నీళ్ళు బురదగా వస్తాయి, కలపకపోతే మనుషులకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ నీళ్ళను నిలవబెట్టకుండా నేరుగా చేప మీద పోయడమే తప్పు. నేను సీసా తీసి, గ్లాసుడు నల్లా నీళ్ళలో చుక్కలు వేశాను. చిక్కటి పసుపు రంగు తిరిగింది. అంటే ఆ నీళ్ళ నిండా బ్లీచింగ్‌లోని క్లోరిన్ ఉన్నట్టు.

"చీరల దుకాణానికి ఇదే లైనా ఈరన్నా?"

"గదే లైను. మొన్న ఎండాకాలమే లోపలికి నల్లా తీసుకున్నడు సేటు. అంతకుముందు పెరట్ల డ్రమ్ముల నీళ్ళు ఉండేటివి. ఇప్పుడు పైపు సీదా తొట్లనే పెడుతుండ్రు." నల్లా బిగిస్తూ, "ఆడ చేపలు ఇంకా సస్తనే ఉన్నయంట గద సారు" అన్నాడు.

"రూతమ్మ పోయినంక గూడనా?"

"పోయినంక గూడ. గండం పోతున్నదని సేటు కొత్తయి తెస్తనే ఉన్నడు. గా పిల్లకు మాత్రం బజార్ల ఎవ్వరు పనిస్తలేరు. మా ఇంటామె తీస్కపోయి రెండు దుకాణాలల్ల అడిగింది. చెయ్యి మంచిది కాదంట గదా అన్నరు."

డ్రమ్ములో రెండు మూడు రోజులు నిలిచిన నీళ్ళతో బతికిన చేపలు, నల్లా వచ్చి, వానలకు బ్లీచింగ్ పెరిగాక చచ్చాయి. పైపు పెట్టమన్నది సేటు. మొత్తం పారబోయమన్నది సేటు. నింద రూతమ్మకు. ముద్ర వేసింది నేను. ఒక రంగులద్దే మనిషికి ఉన్న నీళ్ళ జ్ఞానం నాకు లేకపోయింది. లేకపోవడం కాదు, ఉండి కూడా వాడలేదు. ఇన్నేళ్ళలో నామీద నాకు కలిగిన కోపాల్లో అంతకంటే పెద్దది లేదు.

గెట్టు మీద

మర్నాడు స్కూటర్ మీద ఆమె పల్లెకు వెళ్ళాను. రూతమ్మ ఎవరిదో చేనులో కలుపు తీస్తోంది. నన్ను చూసి గెట్టు మీదికి వచ్చి నిలబడింది. నేను అంతా చెప్పాను. నల్లా, బ్లీచింగ్, చుక్కల మందు, నా తొందరపాటు. తప్పు నాదేనమ్మా అన్నాను. అది చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను, నిజం చెప్తున్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను సబ్బు పెట్టలేదని నాకు ముందే ఎర్కనే గద సారు. నాకు చెప్పుడెందుకు? నలుగురి ముంగట నా పేరు ఖరాబు చేసిండ్రు, ఆ నలుగురి ముంగటనే చెప్పున్రి."

"సేటుకు చెప్తనమ్మా, నేనే పోయి చెప్త."

"సేటు చెవుల కాదు. శ్రావణం నడుస్తుంది, పెండ్లి బట్టలకు శుక్రారం దుకాణం నిండుతది. గప్పుడు చెప్పున్రి. నేను గూడ వస్త."

సరేనన్నాను.

ఆ శుక్రవారం దుకాణంలో నిలబడటానికి చోటు లేదు. రూతమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నేను గ్లాసులో నల్లా నీళ్ళు పట్టి, ముందు వాసన చూసి, కొంచెం నోట్లో పోసుకుని ఊశాను. ఇన్నేళ్ళలో నేను నిజంగా ఆ పని చేయడం అదే మొదటిసారి. బ్లీచింగ్ నాలుక మీదే దొరికింది. తర్వాత చుక్కలు వేసి, పసుపు తిరిగిన గ్లాసును అందరికీ కనిపించేలా ఎత్తాను. "ఈ చేపలు చచ్చింది ఈ నీళ్ళతో. ఈమె తప్పు ఏమీ లేదు. ఆ రోజు నేను చూడకుండా చెప్పిన. తప్పు నాది" అన్నాను. చీరలు విప్పి చూపిస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు.

ఇక నుంచి నీళ్ళు రెండు రోజులు డ్రమ్ములో నిలబెట్టి, నాలుగో వంతు మాత్రమే మార్చాలని సేటుకు చెప్పాను. తొట్టెలో అప్పటికి ఐదు చేపలున్నాయి, ముందురోజే నేను కబురు పంపడంతో ఆ పొద్దున వాటి నీళ్ళు మార్చలేదు.

సేటు నవ్వాడు. వ్యాపారం చేసేవాడి నవ్వు. "పోనీ సారు, అయిందేదో అయింది. రూతమ్మా, రేపటి సంది పనికి రా."

"పనికి వచ్చుడు తర్వాత. ఒక్క మాట చెప్పు సేటు" అంది రూతమ్మ. "నా చెయ్యి మంచిదా, కాదా?"

సేటు నవ్వు ఆగింది. కొనేవాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు, లక్ష్మీ పటం వైపు చూశాడు. "మంచిదే" అనడానికి ఆయనకు నోరు రాలేదు. "కాదు" అనడానికి గ్లాసు అడ్డం ఉంది.

రూతమ్మ ఆయన కోసం ఆగలేదు. తొట్టె దగ్గరకు వెళ్ళి, మూత జరిపి, గాజులు పైకి నెట్టుకుని మోచెయ్యి దాకా నీళ్ళలో పెట్టింది. ఐదు చేపలూ ఆమె వేళ్ళ దగ్గరకు వచ్చాయి. గోల్డ్ ఫిష్ ఎవరి చేతికైనా వస్తుంది, తిండి అనుకుని వస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. అయినా కొనేవాళ్ళందరూ ఆ చెయ్యి వైపే చూశారు. ఆమె అట్లాగే చాలాసేపు ఉంచింది. తర్వాత చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"ఇగ ఏ శుక్రారం ఒక్కటి సచ్చినా నా పేరు తియ్యకున్రి" అంది. "గీ సారును పిలువున్రి."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ దుకాణానికి పనికి రాలేదు.

వేరే దుకాణాల్లో దొరుకుతుందనుకున్నాను. ఈరన్న భార్య మళ్ళీ తిరిగి అడిగింది. చెయ్యి మంచిది కాదన్న పేరు పోయింది. సేటును నలుగురిలో నిలదీసిందని, నోరు మంచిది కాదన్న పేరు వచ్చింది. దసరా దాటాక ఆమె, కుంటికాలి భర్త మళ్ళీ పుణె లారీ ఎక్కారు. సేటు దుకాణంలో నేను చెప్పినట్టే నీళ్ళు మార్చారు. నాకు బదిలీ అయ్యే దాకా ఆ తొట్టెలో ఒక్క చేప కూడా చావలేదు.